పెద్దవాళ్లు పడితే: నేల మీంచి లేపడం నుంచి మళ్లీ వాకిలి దాటించే దాకా

నల్లగొండ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. "అవ్వ బాత్‌రూంలో పడింది, ఏం చేయమంటారు?" అని వచ్చే ఫోన్లు చాలావరకు పడిన రోజు రావు. నెలకో రెండు నెలలకో వస్తాయి. అప్పటికి ఎముక అతుక్కుని ఉంటుంది, మనిషి మాత్రం మంచానికి అతుక్కుపోయి ఉంటుంది.

మన ఇళ్లలో రెండు పనులు తారుమారుగా జరుగుతున్నాయి. పడిన మనిషిని నిమిషంలో రెక్కలు పట్టి లేపేస్తాం. లేపిన మనిషిని మూడు నెలలు కదలనివ్వం. నిదానం కావలసింది లేపడంలో, తొందర కావలసింది నడిపించడంలో. ఫోనులో చెబితే హడావుడిలో సగం మరిచిపోతున్నారు కనుక మొదటి నుంచి చివరిదాకా వరుసగా రాసిపెడుతున్నాను.

1. పడకముందే ఇంట్లో ఉండవలసినవి

పాలమూరు ఊళ్లలో, దేవరకొండ తండాల్లో పిల్లలు హైదరాబాదుకో, ముంబైకో, పుణెకో పనికి వెళితే ఇంట్లో ముసలివాళ్లే మిగులుతారు. పడిన వేళకు ముందుగా చేరేది పక్కింటివాళ్లు. వాళ్లకు మాత్రల పేర్లు తెలియవు. అందుకే ఒక కాగితం మీద ఇవి రాసి తలుపు వెనక అతికించండి:

– పేరు, వయసు, ఉన్న జబ్బులు, జరిగిన ఆపరేషన్లు
– రోజూ వేసుకునే మాత్రలు, ఏ పూట ఎన్ని. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులుంటే వాటి కింద ఎర్ర గీత
– పడని మందులు
– పిల్లల నంబర్లు, పక్కింటివారి నంబరు, ఆశా కార్యకర్త నంబరు
– అంబులెన్సుకు 108. పెద్దల సహాయం కోసం ఎల్డర్‌లైన్ 14567 (ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు)

ఆధార్, రేషన్ కార్డు, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు ఒకే సంచిలో ఉంచి ఆ తలుపుకే తగిలించండి.

ఫోను గూట్లో ఉంటే పడినప్పుడు అందదు. ఆడవాళ్లయితే నడుముకు కట్టుకునే ఆకువక్కల సంచిలో, మగవాళ్లయితే బనీను జేబులో ఉండాలి. బాత్‌రూంకు వెళ్లేటప్పుడు కూడా. లోపలి గడియ తీసేయించండి. తలుపు పగలగొట్టడానికి పట్టే సమయంలో అంబులెన్స్ సగం దారి వచ్చేస్తుంది. వాకిలి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి.

2. మొదటి పది నిమిషాలు: లేపకండి, చూడండి

పడిన చోటే పక్కన నేల మీద కూర్చోండి. మీరు నిలబడి మాట్లాడితే వాళ్లు లేవాలని తొందరపడతారు. "చెప్పినా వినవు, ఎందుకు వెళ్లావు" అనే మాట ఇప్పుడు అసలే వద్దు. కోప్పడితే నొప్పి దాచేస్తారు. "ఏం కాలేదు బిడ్డా" అంటూ విరిగిన తుంటితో లేవబోయినవాళ్లను చూశాను.

చూడవలసిన వరుస ఇది.

మొదట, పలుకుతున్నారా, ఊపిరి తీస్తున్నారా? ఊపిరి ఉండి స్పృహ లేకపోతే మెడ మెలిపడకుండా తలను, ఒంటిని కలిపి మెల్లగా పక్కకు తిప్పి 108కు ఫోను చేయండి. ఊపిరే లేకపోతే ఫోను స్పీకరులో పెట్టి 108 వాళ్లతో మాట్లాడుతూనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

తర్వాత తల. దెబ్బ తగిలిందా, రక్తం వస్తోందా? శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు.

మెడ, వెన్ను. నొప్పి ఉందా, కాళ్లు చేతులు తిమ్మిరిగా ఉన్నాయా? ఉంటే ఒక్క అంగుళం కూడా కదపకండి.

ముఖం, చెయ్యి, మాట. మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. చాలాసార్లు మనిషి పడి పక్షవాతం రాదు, పక్షవాతం వచ్చి పడతాడు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలరు.

చివరగా కాళ్లు. రెండింటినీ పక్కపక్కన పోల్చి చూడండి. ఒకటి పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉండి, గజ్జల్లో నొప్పి ఉంటే తుంటి దగ్గర ఎముక విరిగిందనే అనుకోండి. పడుకునే ఉండి మడమను నేల మీంచి ఎత్తలేకపోవడం కూడా అలాంటి గుర్తే.

వెంటనే 108కు ఫోను చేయవలసిన గుర్తులు:

– స్పృహ తప్పడం, కొద్దిసేపు తప్పి మళ్లీ వచ్చినా సరే
– మెడ నొప్పి, వెన్ను నొప్పి, తిమ్మిరి
– కాలు పొట్టిగా లేదా వంకరగా ఉండటం
– మూతి వంకర, మాట తేడా, ఛాతీలో నొప్పి, ఆయాసం
– తలకు దెబ్బ తగిలిన మనిషి రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతుండటం. దెబ్బ చిన్నదైనా సరే
– గంటకు మించి నేల మీదే పడి ఉండటం

పరుగున వచ్చిన ప్రతివారూ నోట్లో నీళ్లు పోస్తారు. మగతగా ఉన్నవారికి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఆపరేషన్ కావలసి రావచ్చు, అప్పుడూ నోటి ద్వారా ఏమీ వద్దు. ఒక్క సందర్భం వేరు. షుగర్ మందులు వాడే మనిషి చెమటలు పట్టి వణుకుతూ, మంచి తెలివిలో ఉండి, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి.

3. లేపే వరుస

పై గుర్తుల్లో ఏదీ లేదని రూఢి అయ్యాకే ఈ అంకం. లేచేది వాళ్లే, మీరు దారి చూపుతారంతే. చంకల కింద చేతులు పెట్టి లాగితే వాళ్ల భుజం జారుతుంది, మీ నడుము పట్టేస్తుంది.

ఒక గట్టి కుర్చీ తెచ్చి తల వైపు పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీయే ఉంటే వీపు భాగాన్ని గోడకు ఆనించి ఇంకొకరు పట్టుకోవాలి. నులక మంచం పనికిరాదు. ఎత్తు తక్కువ, నడిమిలో కుంగుతుంది. అరుగు అందుబాటులో ఉంటే దానంత మంచిది లేదు.

1. మోకాళ్లు మడిచి మెల్లగా ఒక పక్కకు తిరగమనండి.
2. కింది మోచేతి మీద, పై అరచేతి మీద బరువు వేసి ఒళ్లు పైకి తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక నిమిషం ఆగండి. తల తిరుగుతోందా అడగండి.
3. చేతులు, మోకాళ్ల మీదికి రావాలి. బండలు గట్టిగా ఉంటాయి కనుక మోకాళ్ల కింద దుప్పటి మడత వేయండి.
4. పాకుతూ కుర్చీ ముందుకు వచ్చి రెండు చేతులూ దాని మీద ఆనించాలి.
5. బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేల మీద పూర్తిగా మోపాలి.
6. చేతులతో అదిమి, ఆ కాలితో తోసి, తిరిగి కుర్చీలో కూర్చోవాలి. మీరు రెండో కుర్చీని వెనకనుంచి జరిపి అందిస్తే తిరగనక్కరలేదు.

ఎక్కడ ఆగిపోతే అక్కడే ఆగండి. నొప్పి వస్తే మళ్లీ పడుకోబెట్టి, తల కింద మెత్త పెట్టి, దుప్పటి కప్పి సాయం కోసం ఎదురుచూడండి. నేల మీద పడుకున్న మనిషికి ఇంకా కింద పడే భయం లేదు.

కూర్చున్నాక ఐదు నిమిషాలైనా కూర్చోబెట్టే ఉంచండి. తలకు దెబ్బ తగిలి ఉంటే మొదటి రెండు రోజులు ఒంటరిగా వదలవద్దు. అంతటితో మరిచిపోవద్దు కూడా. పెద్ద వయసులో మెదడు పైపొరల కింద రక్తం నెమ్మదిగా చేరి, గుర్తులు వారాల తర్వాత బయటపడతాయి. పడిన నెల రోజుల్లో తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, మాటల్లో తికమక వచ్చినా, నడక ఒక పక్కకు లాగినా "వయసు మీద పడింది" అనుకోకండి. స్కానింగ్ కావాలని అడగండి.

4. ఒంటరిగా ఉండి పడితే

ఈ భాగం పెద్దవాళ్లకే. చదవలేకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

పడగానే లేవకండి. పది ఊపిరులు లెక్కపెట్టుకోండి. నొప్పి ఎక్కడుందో చూసుకోండి. లేవగలమనిపిస్తే పైన చెప్పిన వరుసే: పక్కకు తిరగడం, మోచేయి, మోకాళ్లు, పాకడం, కుర్చీ. ఒంట్లో బాగున్న రోజున పరుపు మీద, పక్కన ఒకరుండగా నెలకోసారి ఇది చేసి చూడండి. అలవాటు లేని శరీరానికి అర్ధరాత్రి చీకట్లో ఈ వరుస గుర్తుకు రాదు.

లేవలేకపోతే బలమంతా లేచే ప్రయత్నంలోనే ఖర్చు చేయకండి. స్టీలు గ్లాసుతో బండ మీద ఆగి ఆగి మూడేసిసార్లు కొట్టండి. అరుపు కన్నా ఆ చప్పుడు దూరం పోతుంది, గొంతూ అలిసిపోదు. అందుకోసమే మంచం దగ్గర, బాత్‌రూంలో ఒక్కో గ్లాసు నేల మీదే ఉంచుకోండి. చీర కొంగో దుప్పటో లాక్కుని కప్పుకోండి. నొప్పి లేని కాళ్లు చేతులు ఆడిస్తూ, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొంచెం కొంచెంగా ఒరుగుతూ ఉండండి. మూత్రం వస్తే అక్కడే పోసుకోండి, సిగ్గుపడకండి. సాయానికి వచ్చేవాళ్లు అది చూడరు.

గంటల తరబడి బండల మీదే ఉండిపోతే కండరాలు నలిగి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎముక విరగలేదు కదా అని ఇంట్లో ఉంచుకోవడం అప్పుడు ప్రమాదం. మూత్రం ముదురు రంగులో వస్తే మరీ ఆలస్యం చేయవద్దు.

5. ఆసుపత్రికి తీసుకెళ్లడం

తుంటి విరిగిన మనిషిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకురావడం నేను చూసిన పొరపాట్లన్నింటిలోకీ బాధాకరమైనది. గుంతల్లో ప్రతి కుదుపుకూ విరిగిన ముక్కలు ఒరుసుకుంటాయి. 108 వచ్చేదాకా ఆగండి. తండా దాకా బండి రాలేకపోతే మంచం మీద చెక్క పలకో తలుపు రెక్కో పరిచి, దాని మీద పడుకోబెట్టి నలుగురు మోసుకురండి. రెండు కాళ్ల మధ్య మెత్త పెట్టి వదులుగా కట్టండి. బయటికి తిరిగిన పాదాన్ని సరిచేయబోవద్దు.

ఎముకల డాక్టరు, ఆపరేషన్ సౌకర్యం ఉన్న చోటికే నేరుగా వెళ్లండి. ప్రభుత్వ వైద్యం కావాలనుకుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటుకు వెళ్లినా చేర్చుకునే ముందే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. సంచిలో రేషన్ కార్డు ఉంచమన్నది ఇందుకే.

కట్టు గురించి. తుంటికి కట్టు లేదు. ఏ ఊరి కట్టైనా ఆ ఎముకను పట్టి ఉంచలేదు. మణికట్టుకు బద్దలు పెట్టి బిగించి కట్టించుకుంటారు. వేళ్లు వాచినా, నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే కట్టు విప్పి ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే చెయ్యి తీసేయవలసి వస్తుంది.

తుంటి ఆపరేషన్ సాధ్యమైనంత వరకు రెండు రోజుల లోపల జరగాలి. దుబాయి నుంచి కొడుకు రావాలని, అమావాస్య వెళ్లాలని వారం ఆపితే ఆ వారంలో న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తపు గడ్డలు ముందుకొస్తాయి. "ఈ వయసులో ఆపరేషనా?" అని అడుగుతారు. వయసు ఎక్కువ కాబట్టే కావాలి. పడుచువాడు మూడు నెలలు మంచంలో ఉండి బతకగలడు, ఎనభై ఏళ్ల మనిషికి ఆ మంచమే ప్రాణాపాయం. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితిని బట్టి డాక్టరు వద్దంటే అది వేరే మాట.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ఊరుకోవద్దు. మా అమ్మమ్మకు ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి బెణుకన్నారు. మేమూ నమ్మాం. నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుంటూ పదిరోజులు గోడ పట్టుకుని నడిచింది. పదకొండో రోజు సన్నగా చిట్లిన ఎముక పూర్తిగా జారింది. అప్పటికి నేను ఈ చదువులో చేరలేదు. చీలిక సన్నగా ఉంటే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాలు మోపలేకపోతున్నా, గజ్జల్లో నొప్పి తగ్గకపోయినా సీటీ లేదా ఎంఆర్ఐ గురించి గట్టిగా అడగండి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వాళ్లు ఒక మాట తప్పకుండా చెప్పాలి: ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగామని. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, గట్టిగా కనిపిస్తుంది కానీ పెళుసు. ఎముక సాంద్రత పరీక్షలో అంకె బాగుందని నిశ్చింతగా ఉండలేం. వెన్ను, మెడ బిగుసుకుపోయి ఉంటే వెన్నులో మత్తు సూది వేయడం, గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం కష్టమవుతుంది. మత్తు డాక్టరుకు ఇది ముందే తెలియాలి.

కల్లు అలవాటును కూడా దాచకండి. కల్తీ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారన్నది ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆగిపోతే రెండో మూడో రోజున వణుకు, పిచ్చిమాటలు, మూర్ఛ రావచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనో మతి పోయిందనో అనుకుంటారు. ముందే చెబితే డాక్టరు మందులతో అదుపు చేయగలరు.

ఇంటికి పంపే రోజు అడిగి రాసుకోవలసినవి:

– ఆ కాలు మీద ఎంత బరువు మోపవచ్చు? పూర్తిగానా, కొంచెమా, అసలు వద్దా?
– గొంతుకు కూర్చోవచ్చా, బాసిపట్టు వేయవచ్చా?
– కుట్లు ఎప్పుడు తీస్తారు, తర్వాతి ఎక్స్‌రే ఎప్పుడు?
– రక్తం గడ్డకట్టకుండా మందు ఎన్ని రోజులు?
– ఎముక బలానికి మందు మొదలుపెడుతున్నారా? నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముక గుల్లబారి ఉండవచ్చు. అడగకపోతే ఈ మందు మాట ఎవరూ ఎత్తరు.

6. ఇంటికి వచ్చాక మూడు వారాలు

అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. డాక్టరు పని అయిపోయింది, మన పని మొదలైంది.

డాక్టరు వద్దనకపోతే మొదటి రోజు నుంచే మంచం దిగాలి. మొదట మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం. తర్వాత వాకర్ పట్టుకుని నిలబడటం. తర్వాత కుర్చీ దాకా నాలుగు అడుగులు. అన్నం మంచంలో పెట్టవద్దు. మూడు పూటలా కుర్చీలో కూర్చోబెట్టి పెడితే రోజుకు మూడుసార్లు లేచినట్టే, వేరే వ్యాయామం అని పేరు పెట్టనక్కరలేదు. మంచం ఎత్తు కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనేటంత, తుంటి మోకాళ్ల కన్నా కాస్త పైకి ఉండేటంత ఉండాలి. తక్కువైతే కోళ్ల కింద ఇటుకలు కాదు, జారని గట్టి చెక్క దిమ్మెలు పెట్టించండి.

నొప్పి మాత్ర నడిపించడానికి అరగంట ముందు ఇవ్వండి. నొప్పి తగ్గిందని మాత్ర ఆపి, నొప్పిగా ఉందని నడక ఆపేవాళ్లు చాలామంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్లు పొడిపించుకోవద్దు. వరసగా వేయిస్తే మూత్రపిండాలు, కడుపు రెండూ చెడతాయి.

మరుగుదొడ్డి పెద్ద సమస్య. నేల దొడ్డి మీద కూర్చోలేరు. కమోడ్ కుర్చీ కొనండి లేదా అద్దెకు తెచ్చుకోండి. దొడ్డికి వెళ్లవలసి వస్తుందని తిండి, నీళ్లు తగ్గించేస్తారు. అడిగితే ఆకలి లేదంటారు. కోడలిని ఇబ్బంది పెట్టకూడదని ఆ మాట అంటున్నారని గ్రహించండి. శుభ్రం చేయడం గురించి మీరే ముందు మాట్లాడి ఆ సంకోచం తీర్చండి.

పథ్యం పేరుతో పప్పు మాన్పించకండి. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. పుండు మానడానికి, కండ పట్టడానికి మాంసకృత్తులే ఆధారం. బరువు 50 కిలోలుంటే రోజుకు 50 నుంచి 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలల్లోనూ దాదాపు అంతే ఉంటాయి. చారు మెతుకులతో ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. రెండు పూటలా పప్పు, ఒకటి రెండు గుడ్లు, పెరుగు, తినేవాళ్లకు చేప. క్యాల్షియానికి రాగి జావ మంచిది, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఈ కొలతలు డాక్టరును అడిగి వేసుకోండి.

రోజూ ఉదయం చూడవలసినవి:

– మడమలు, నడుం కింద తోక ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా? పడుకుని ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి
– ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉందా? రక్తపు గడ్డ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి. హఠాత్తుగా ఆయాసం వస్తే 108
– కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉన్నాయా?
– నిన్నటి కన్నా ఒక్క అడుగైనా ఎక్కువ నడిచారా?

ఇక భయం. ఎముక ఆరు వారాల్లోనో పన్నెండు వారాల్లోనో అతుకుతుంది, భయానికి అలాంటి గడువు లేదు. ఒక పెద్దాయన నాతో అన్నారు: "కాలు నాదే కానీ నా మాట వింటుందన్న నమ్మకం పోయింది." ఆ నమ్మకం బుజ్జగింపులతో రాదు, చిన్న చిన్న పనులు నెరవేరితే వస్తుంది. చెయ్యి పట్టుకుని లాగుతూ నడిపించకండి. దెబ్బ తగిలిన వైపు కొంచెం వెనగ్గా నడవండి, అవసరమైతే నడుము దగ్గర పట్టుకోవడానికి. కూర్చుని చేసే పని అప్పగించండి: చింతపండు గింజ తీయడం, చిక్కుడుకాయ గిల్లడం, మనవడి లెక్క సరిచూడటం.

పరామర్శకు వచ్చేవాళ్ల విషయంలో కఠినంగా ఉండండి. "మా మేనత్త ఇట్లాగే పడి మళ్లీ లేవలేదు" అన్న ఒక్క మాట వారం శ్రమను చెరిపేస్తుంది. వాకిట్లోనే ఆపి "అవ్వ నడుస్తోంది, నడక గురించే మాట్లాడండి" అని చెప్పి లోపలికి పంపండి. నేను చెప్పి పంపిస్తాను, ఎవరూ నొచ్చుకోలేదు.

7. వాకర్, కర్ర, మెట్లు

వాకర్ ఎత్తు: చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. చాలా ఇళ్లలో దుకాణంలో ఇచ్చిన ఎత్తులోనే వాడుతున్నారు, దాంతో వంగి నడుస్తారు, నడుం నొప్పి మొదలవుతుంది.

నడిచే వరుస: ముందు వాకర్, తర్వాత దెబ్బ తగిలిన కాలు, తర్వాత మంచి కాలు. ప్లాస్టిక్ కుర్చీని తోసుకుంటూ నడవడం వాకర్‌కు ప్రత్యామ్నాయం కాదు. తడి బండ మీద అది ముందుకు జారుతుంది.

చేతికర్ర దెబ్బ తగిలిన కాలి వైపు కాదు, ఎదుటి వైపు చేతిలో ఉండాలి. కింద రబ్బరు బుడిపె అరిగితే మార్చండి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. గడప దాటడం కూడా ఒక మెట్టే అని గుర్తుంచుకోండి.

పేద కుటుంబాల పెద్దవాళ్లకు కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. జిల్లాలో శిబిరం ఎప్పుడుందో 14567కు ఫోను చేసి అడగవచ్చు.

కాలు మోపనిచ్చాక రోజూ రెండు పూటలా, గట్టి కుర్చీ వెనక పట్టుకుని:

1. మడమలు ఎత్తి వేళ్ల మీద నిలబడటం, 10 సార్లు
2. ఒక్కో కాలు పక్కకు ఎత్తి దించడం, 10 సార్లు
3. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 5 సార్లతో మొదలు. చేతుల సాయం వారం వారం తగ్గించాలి
4. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి 10 సెకన్లు నిలబడటం, పక్కన మనిషి ఉండాలి

8. అసలెందుకు పడ్డారు?

"కాలు జారింది" అన్నది సమాధానం కాదు. ఆ బండ మీద పదేళ్లుగా జారని కాలు ఆ రోజే ఎందుకు జారింది? ఏ వేళ, ఏం చేస్తూ, ఏ మాత్ర వేసుకున్న ఎంతసేపటికి పడ్డారో అడగండి. ఇంతకు ముందు పడ్డారా అని కూడా. పడ్డానని చెబితే చేనికి పోనివ్వరని, పట్నం తీసుకుపోతారని దాచేస్తారు.

బీపీ ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపండి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, ప్రొస్టేటు మాత్రలు, నిద్రమాత్రలు సవరించవలసి రావచ్చు. మీరే ఆపేయకండి.

శనివారం ఒక్కపొద్దు ఉంటూ షుగర్ మాత్ర మాత్రం మామూలుగా వేసుకునేవాళ్లు సాయంత్రానికి పడిపోతారు. ఉపవాసం రోజు మాత్ర ఎలా వేసుకోవాలో ముందే అడగండి. ఎండాకాలంలో నీళ్లు తగ్గినా ఇదే జరుగుతుంది. కళ్లలో శుక్లాలు ఉంటే తీయించండి.

9. ఇంట్లో ఒక పూటలో చేయగల మార్పులు

– బాత్‌రూంలో గోడకు బోల్టులతో బిగించిన ఉక్కు పిడి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు
– షాబాదు బండల మీద పాచి గీకించడం, మంచం నుంచి బాత్‌రూం దాకా తడి లేకుండా చూడటం
– ఆ దారి పొడవునా రాత్రంతా చిన్న దీపం
– గడప అంచుకు తెల్ల రంగు గీత
– అరిగిన హవాయి చెప్పులు పారేసి, మడమకు పట్టీ ఉన్నవి
– చీర, పంచె పాదాలకు నాలుగు వేళ్ల పైకి కట్టుకోవడం
– పొద్దున కళ్లాపి చల్లాక ఆరేదాకా వాకిట్లోకి దిగకపోవడం
– బాత్‌రూంలో స్నానానికి తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు తీసేసి, కాళ్లకు రబ్బరు ఉన్న బరువైన కుర్చీ

10. నెలకోసారి పరీక్ష

కుర్చీ ముందు మూడు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. కర్ర వాడేవాళ్లయితే కర్రతోనే, కుర్చీలోంచి లేచి మామూలు వేగంతో గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. ఫోనులో సెకన్లు లెక్కపెట్టండి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే మళ్లీ పడే ప్రమాదం ఉన్నట్టు.

ఆ అంకెను తేదీతో సహా తలుపు వెనక కాగితం మీద రాయండి. ఆపరేషన్ తర్వాత మొదట్లో నలభై, యాభై వచ్చినా కంగారు లేదు. నెల నెలా తగ్గుతూ రావాలి. తగ్గడం ఆగిపోయి రెండు నెలలు ఒకేచోట ఉన్నా, ఒక నెల పెరిగినా ఆ కాగితం ఊడదీసి పట్టుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరండి.